బ్రౌజర్‌లో కుకీలు: ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి, ఎలా

కుకీలు అనగానే చాలామందికి తెలిసిన వైద్యం ఒకటే: అన్నీ తుడిచేయడం. తుడిచిన మరుక్షణం మెయిలు పాస్‌వర్డ్ అడుగుతుంది, షాపింగ్ సైటులో బుట్ట ఖాళీ అవుతుంది, బ్యాంకు సైటు కొత్త పరికరం అనుకుని ఓటీపీ పంపుతుంది. ఇంతా చేస్తే, మొన్న చూసిన మిక్సీ ప్రకటన నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ వెంటపడుతుంది. పనికొచ్చేవి పోయాయి, వద్దనుకున్నవి తిరిగొచ్చాయి. కుకీలను బియ్యంలో రాళ్లలా ఏరుకోవాలే తప్ప గంపగుత్తగా పారబోస్తే లాభం లేదు. ఆ ఏరుడు ఎలాగో వరుసగా చూద్దాం. ఫోను, కంప్యూటర్ రెండూ దగ్గర పెట్టుకుని చదివితే మేలు.

ముందు, లోపల జరిగేది

వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకం లేదు. మీరు ఒక పేజీ అడిగితే సర్వర్ (సైటును నడిపే కంప్యూటర్) ఇస్తుంది. వెంటనే మరో పేజీ అడిగితే, అడుగుతున్నది ఇందాకటి మనిషేనని దానికి తెలియదు. అలాంటప్పుడు లాగిన్ ఎలా నిలుస్తుంది, బుట్టలో వేసిన వస్తువు రెండో పేజీకి ఎలా వస్తుంది? 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజినీరు లూ మాంటుల్లి దీనికి ఉపాయం కనిపెట్టారు. సర్వర్ ఒక చిన్న అక్షరాల వరుస తయారుచేసి మీ బ్రౌజర్‌కు అప్పగిస్తుంది. ఆ తర్వాత మీరు ఆ సైటుకు పంపే ప్రతి అభ్యర్థనతోపాటు బ్రౌజర్ ఆ వరుసను తనంతట తానే తిరిగి పంపుతుంది. అదే కుకీ. సుమారు నాలుగు కిలోబైట్లకు మించని వట్టి పాఠ్యం అది. ప్రోగ్రామ్ కాదు కాబట్టి దానంతటది ఏ పనీ చేయలేదు, వైరస్ కాలేదు.

గుడి ముందు చెప్పుల స్టాండులో టోకెను ఇస్తారు కదా, సరిగ్గా అదే ఏర్పాటు. టోకెను మీద మీ పేరూ ఊరూ ఉండవు, ఒక అంకె ఉంటుంది. ఆ అంకెకు ఏ జత చెందుతుందో స్టాండులో కూర్చున్నాయనకు తెలుసు. టోకెను ఎవరు తెస్తే వారికే చెప్పులు, మీరెవరని అడగరు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, కింద దొంగతనాల దగ్గర దీనితో పని పడుతుంది.

కంప్యూటర్ ఉంటే కుకీని కళ్లారా చూడవచ్చు. క్రోమ్‌లో ఏదైనా వార్తల సైటు తెరిచి ఎఫ్12 మీట నొక్కండి. తెరుచుకున్న పలకలో ‘అప్లికేషన్’ అనే ట్యాబ్‌కు వెళ్లి (కనిపించకపోతే రెండు బాణాల గుర్తు వెనుక ఉంటుంది), ఎడమవైపు ‘కుకీస్’ కింద ఆ సైటు పేరు నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఈ ట్యాబ్ పేరు ‘స్టోరేజ్’. ఒక పట్టిక వస్తుంది. మొదటి గడిలో కుకీ పేరు, రెండో గడిలో తలా తోకా లేని అక్షరాలూ అంకెలూ. ఆ రెండింటినీ వదిలేసి మూడో గడి, ‘డొమైన్’ చూడండి. మీరు తెరిచింది ఒక పత్రిక సైటు. డొమైన్ గడిలో మాత్రం మీరెన్నడూ వినని కంపెనీల పేర్లు కనిపించవచ్చు. మీరు వాటి దగ్గరికి వెళ్లలేదు, అవే ఆ పేజీలోకి వచ్చి కూర్చున్నాయి.

ఇంకో గడి దాటితే గడువు గడి ఉంటుంది. ‘సెషన్’ అని ఉంటే బ్రౌజర్ మూసేదాకా ఉండే కుకీ, తేదీ ఉంటే అప్పటిదాకా నిలిచేది. సందర్శకుల లెక్క కోసం గూగుల్ అనలిటిక్స్ పెట్టే జీఏ కుకీ రెండేళ్ల గడువు అడుగుతుంది. కానీ 2022 నుంచి క్రోమ్ ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉంచడం లేదు. ఇక ‘సెషన్’ కుకీలు బ్రౌజర్ మూయగానే పోతాయన్న మాటను పూర్తిగా నమ్మకండి. ఆపిన చోటు నుంచే తెరవమని క్రోమ్‌కు చెప్పి ఉంటే, అవి కూడా మళ్లీ లేచి వస్తాయి.

మొదటి అడుగు: బయటివారి కుకీలను ఆపండి

మీరు తెరిచిన సైటే పెట్టిన కుకీ ఫస్ట్ పార్టీ కుకీ. లాగిన్, బుట్ట, భాష ఎంపిక వంటివన్నీ దాదాపు దీని మీదే నడుస్తాయి. ఆ పేజీలో ఇరికించిన ప్రకటన, బటన్, కంటికి కనిపించని చిన్న బొమ్మ ద్వారా వేరే కంపెనీ పెట్టేది థర్డ్ పార్టీ కుకీ. ఒకే ప్రకటనల కంపెనీ ముక్క వంటల సైటులోనూ, ఉద్యోగాల సైటులోనూ, ఆరోగ్యం సైటులోనూ ఉంటే, మూడు చోట్లా ఒకే కుకీ దాని దగ్గరికి చేరుతుంది. ఫలానా అంకె గల మనిషి ఉదయం పులిహోర గురించి, మధ్యాహ్నం నోటిఫికేషన్ల గురించి, రాత్రి థైరాయిడ్ గురించి చదివాడని ఆ కంపెనీ ఒక చిట్టా కట్టుకుంటుంది. పేరు తెలియకపోయినా దాని వ్యాపారానికి అది చాలు.

ఈ కుకీల విషయంలో బ్రౌజర్లన్నీ ఒకే తీరున లేవు. యాపిల్ సఫారీ 2020 మార్చి నుంచి వీటిని పూర్తిగా అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను (ఇలా వెంటాడే కంపెనీల కుకీలను) ఆపడం మొదలుపెట్టి, 2022 జూన్ నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేసే పద్ధతికి మారింది. క్రోమ్ రెండేళ్లలో తొలగిస్తామని 2020 జనవరిలో చెప్పింది, పలుమార్లు వాయిదా వేసింది, 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. దీని యజమాని గూగుల్‌కు ప్రధాన ఆదాయం ప్రకటనలే కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మన దగ్గర ఎక్కువ ఫోన్లు ఆండ్రాయిడ్‌వి, వాటిలో ఎక్కువమంది వాడేది క్రోమ్. అంటే ఈ మార్పు ఎవరికి వారు చేసుకోవాల్సిందే.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో:
1. కుడి మూలన మూడు చుక్కలు నొక్కి ‘సెట్టింగ్స్’లోకి వెళ్లండి.
2. ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘థర్డ్ పార్టీ కుకీస్’ తెరవండి.
3. ‘బ్లాక్ థర్డ్ పార్టీ కుకీస్’ ఎంచుకోండి.

కంప్యూటర్‌లో అయితే ‘సెట్టింగ్స్’ నుంచి ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళితే అదే ‘థర్డ్ పార్టీ కుకీస్’ కనిపిస్తుంది. ఫోను భాషను తెలుగుకు మార్చుకున్నవారికి ఈ పేర్లు తెలుగులో వస్తాయి, వరుస మాత్రం ఇదే.

ఫైర్‌ఫాక్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘స్ట్రిక్ట్’ పెట్టుకోవచ్చు, ‘స్టాండర్డ్’ ఉన్నా ఫర్వాలేదు. ఎడ్జ్‌లో ‘ట్రాకింగ్ ప్రివెన్షన్’ను ‘స్ట్రిక్ట్’కు మార్చండి. ఐఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూస్తే చాలు. అక్కడే మరికాస్త లోపల ‘బ్లాక్ ఆల్ కుకీస్’ అని ఒకటుంటుంది. దాని జోలికి వెళ్లకండి. అది సొంత కుకీలను కూడా ఆపేస్తుంది, ఇక ఏ సైటులోనూ లాగిన్ నిలవదు.

ఇలా ఆపాక ఎప్పుడో ఒకసారి ఏదో ఒక సైటు మొరాయిస్తుంది. కాలేజీ సైటులో ఇరికించిన వీడియో పాఠం తెరుచుకోకపోవచ్చు, ఒక సైటు లాగిన్‌తో మరో సైటులోకి వెళ్లే చోట తలుపు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు మొత్తం సెట్టింగ్‌ను వెనక్కి తిప్పకండి. కంప్యూటర్ క్రోమ్‌లో చిరునామా పట్టీ చివర కన్ను గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఆ ఒక్క సైటుకు అనుమతి ఇస్తే సరిపోతుంది.

రెండో అడుగు: పాతవి ఒక్కసారి ఊడ్చండి

అడ్డుకట్ట వేశాక పాత నిల్వ తీసేయాలి. ముందు తుడిచి తర్వాత ఆపితే మధ్యలో మళ్లీ చేరతాయి, అందుకే ఈ వరుస. కానీ తుడిచే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీ ముఖ్యమైన ఖాతాల పాస్‌వర్డ్‌లు మీకు తెలుసా? ఓటీపీ వెళ్లే నంబరు ఇప్పటికీ మీ చేతిలోనే ఉందా? ఏళ్ల తరబడి లాగిన్‌లోనే ఉన్న మెయిలుకు ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు కట్టి ఉండటం ఇంటి పెద్దల ఫోన్లలో సర్వసాధారణం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ, ఇక్కడి బ్యాంకు ఖాతాకు రీఛార్జి చేయని భారతీయ నంబరు ఉంచుకున్నవారిదీ ఇదే చిక్కు. ఆ లాగిన్‌ను ఇన్నాళ్లూ నిలబెట్టింది ఒక కుకీ. అది పోతే ఖాతాలోకి తిరిగి వెళ్లే దారి ఉండకపోవచ్చు. నంబరు మార్చుకోవడం ముందు, తుడవడం తర్వాత.

కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కితే తుడిచే పెట్టె నేరుగా వస్తుంది. ఫోనులో మూడు చుక్కల కిందే ‘డిలీట్ బ్రౌజింగ్ డేటా’ ఉంటుంది. అందులో ‘కుకీస్ అండ్ సైట్ డేటా’ ఒక్కటే టిక్ చేసి, కాలం దగ్గర ‘ఆల్ టైమ్’ పెట్టండి. హిస్టరీ, కాష్ వేరే సంగతులు. ముఖ్యంగా ‘పాస్‌వర్డ్స్’ అన్న గడిలో టిక్ లేకుండా చూసుకోండి. గూగుల్ ఖాతాతో అనుసంధానమై ఉంటే అవి మీ మిగతా పరికరాల నుంచి కూడా పోతాయి.

ఇంత మొత్తంగా తుడవడం ఇష్టం లేకపోతే సైటు సైటుకూ తీయవచ్చు. ఏదైనా సైటు తెరిచి ఉండగా చిరునామాకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కితే ఆ సైటు దాచినవి కనిపిస్తాయి, అక్కడే తీసేయవచ్చు. పేజీ సగంలో ఆగిపోతున్నా, లాగిన్ తిరిగి తిరిగి మొదటికే వస్తున్నా ముందుగా చేయాల్సిన చికిత్స ఇదే. చాలాసార్లు చెడిపోయిన ఒక్క కుకీ వల్లే ఆ తంటా.

రోజూ తుడిచే అలవాటు మాత్రం మానుకోండి. ‘నా కుకీలు వద్దు’ అని మీరు ఒక సైటుకు చెప్పిన సంగతిని కూడా ఆ సైటు ఒక కుకీలోనే రాసుకుంటుంది. రోజూ తుడిస్తే రోజూ అదే ప్రశ్న ఎదురవుతుంది. విసుగొచ్చి ఏదో ఒక రోజు ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తారు.

మూడో అడుగు: అనుమతి పెట్టెకు జవాబు

పేజీ సగాన్ని కప్పేస్తూ వచ్చే ఆ పెట్టెలు ఐరోపా చట్టాల సంతానం. 2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశాన్ని 2009లో సవరించి, కుకీ పెట్టే ముందు సమ్మతి తీసుకోవాలన్నారు. 2018 మే 25న ఐరోపా డేటా పరిరక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక సమ్మతి అంటే ఏమిటో గట్టిగా నిర్వచించారు. ముందే టిక్ పెట్టి చూపించిన గడి సమ్మతి కిందికి రాదని 2019 అక్టోబరు 1న ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి నాలుగు నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న మనవాళ్లకు మొదటి తెరమీదే ‘రిజెక్ట్ ఆల్’ కనిపించడం వెనుక ఇలాంటి జరిమానాలున్నాయి.

భారత్‌లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2025 నవంబరులో నియమాలు వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. అందులో కుకీ అన్న మాట లేదు గానీ, వ్యక్తిగత డేటాకు సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి అని ఉంది. సమ్మతి అడిగే విన్నపాన్ని ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. ఆ 22 భాషల్లో తెలుగు ఒకటి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కదలికలను వెంటాడటాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ ఈ చట్టం నిషేధిస్తోంది.

ఇక పెట్టె వచ్చినప్పుడు చేయాల్సింది: ‘రిజెక్ట్ ఆల్’ ఉంటే అది నొక్కి ముందుకు సాగండి. దాని వల్ల సైటు పని చేయకపోవడం అంటూ దాదాపు ఉండదు, తప్పనిసరి కుకీలు ఎలాగూ ఉంటాయి. అది లేకపోతే ‘మేనేజ్’ లేదా ‘ప్రిఫరెన్సెస్’ అనే నీరసమైన రంగు బటన్ వెతకండి. లోపల ‘నెసెసరీ’ అన్నది తప్ప మిగిలినవన్నీ ఆపండి. అక్కడితో అయిపోయిందనుకోవద్దు. కొన్ని పెట్టెల్లో పక్కనే ‘లెజిటిమేట్ ఇంటరెస్ట్’ (సమ్మతి అడగక్కర్లేని న్యాయమైన అవసరం అని కంపెనీలు చెప్పుకునేది) అని మరో ట్యాబ్ ఉంటుంది, అందులో బటన్లన్నీ ముందే ఆన్ చేసి ఉంటాయి. సమ్మతి ట్యాబ్‌లో కాదన్నది ఇటుగా లోపలికి రానిచ్చే పని అది. ‘అబ్జెక్ట్ ఆల్’ నొక్కి, చివర ‘సేవ్’ చేయండి. పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే ఏమవుతుందన్నది ఒక్కో సైటులో ఒక్కో తీరు, దాని మీద ఆధారపడకండి.

నాలుగో అడుగు: అసలు కాపాడుకోవాల్సింది

ప్రకటనలు వెంటాడితే చిరాకు, అంతే. లాగిన్ కుకీ పరుల చేతిలో పడితే ఖాతానే పోతుంది. టోకెను ఎవరు తెచ్చారని స్టాండులో అడగరన్నది ఇక్కడే. మీరు పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఇచ్చాకే ఆ కుకీ పుడుతుంది. దాన్ని ఎత్తుకెళ్లినవాడికి ఆ రెండింటితోనూ పనిలేదు.

2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అనే ఉపకరణం ఈ సంగతిని అందరికీ అర్థమయ్యేలా చేసింది. ఉచిత వైఫై ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని పక్క బల్లవాళ్ల ఫేస్‌బుక్ కుకీలను పట్టుకుని, ఒక్క నొక్కుతో వాళ్ల ఖాతాలోకి వెళ్లగలిగేవారు. సైట్లన్నీ సంకేతీకరణ గల హెచ్‌టీటీపీఎస్‌కు మారడానికి అది గట్టి తోపుడు. గాలిలో పట్టుకోవడం కష్టమయ్యాక దొంగలు కంప్యూటర్‌లోకే రావడం మొదలుపెట్టారు. 2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానల్‌ను అలాగే చేజిక్కించుకున్నారు. స్పాన్సర్‌షిప్ ప్రతిపాదన అంటూ వచ్చిన ఫైలును ఒక ఉద్యోగి తెరిచాడు, అందులోని మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను పట్టుకుపోయింది. పైరసీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చేదీ తరచుగా ఇదే జాతి మాల్‌వేర్.

అలాంటి అనుమానం వస్తే మీ దగ్గరి కుకీలు తుడిచి ఊరుకోవద్దు. తుడిస్తే పోయేది మీ ప్రతి మాత్రమే, దొంగ దగ్గరున్న ప్రతి చెల్లుతూనే ఉంటుంది. దాన్ని చెల్లకుండా చేయగలిగింది సర్వర్ ఒక్కటే. కాబట్టి వేరే శుభ్రమైన పరికరం నుంచి ఖాతాలోకి వెళ్లి, ‘అన్ని పరికరాల నుంచీ లాగౌట్’ నొక్కి, ఆ వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

ఇదే లెక్క నెట్ సెంటర్లకూ వర్తిస్తుంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఒక్కో కంప్యూటర్ ముందు పదుల మంది విద్యార్థులు కూర్చుని లేస్తారు. వెబ్ ఆప్షన్లు పెట్టి, విండో మూసి వెళ్లిపోతే లాగిన్ అలాగే నిలిచి ఉండవచ్చు, తర్వాత కూర్చున్నవారు ఆప్షన్ల వరుస మార్చేయవచ్చు. కూర్చోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. పాస్‌వర్డ్ దాచమంటారా అని అడిగితే వద్దనండి. పని అయ్యాక సైటులోని లాగౌట్ నొక్కి, ఆపైన ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూయండి. ఒక్కటి తెరిచి ఉన్నా అందులోని కుకీలు పోవు. జిరాక్స్ షాపులో ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేసి వచ్చేవారు మరీ ఎక్కువ. మీ ఫోనులో వాట్సాప్ మూడు చుక్కల కింద ‘లింక్డ్ డివైసెస్’ ఒకసారి తెరిచి చూడండి. గుర్తులేని కంప్యూటర్ పేరు కనిపిస్తే అక్కడికక్కడే లాగౌట్ చేయవచ్చు.

ఇన్‌కాగ్నిటో గురించి అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. అది ఆ కంప్యూటర్‌లో జాడ మిగలకుండా చూస్తుంది, అంతే. లోపల లాగిన్ అయితే ఆ సైటుకు మీరెవరో తెలుస్తుంది, ఏ సైట్లకు వెళ్లారో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకూ తెలుస్తుంది. విమానం టికెట్ ఇన్‌కాగ్నిటోలో చూస్తే చవగ్గా వస్తుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. ఒకే విమానంలో సీట్లను రకరకాల ధరల కింద కొన్ని కొన్నిగా పెట్టి అమ్ముతారు. చవక సీట్లు అయిపోగానే తర్వాతి ధర కనిపిస్తుంది. కుకీ ఉన్నా లేకపోయినా అది పెరిగేదే.

కుకీల సెట్టింగ్ చేరని చోట్లు

ఇంత చేశాక కూడా ప్రకటనలు మీ ఆసక్తిని పట్టేస్తుంటే, అవి కుకీల దారిన రావడం లేదని అర్థం. ఫోను యాప్‌లు కుకీలకు బదులు ప్రకటనల గుర్తింపు సంఖ్యను వాడతాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘గూగుల్’ కింద ‘యాడ్స్’ తెరిచి ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. ఐఫోన్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘ట్రాకింగ్’ తెరిచి, యాప్‌లు అనుమతి అడగడాన్నే ఆపేయండి. గూగుల్ ఖాతాలో లాగిన్ అయి వెతికినవి థర్డ్ పార్టీ కుకీ లేకుండానే గూగుల్‌కు తెలుస్తాయి, వాటి ఆధారంగా ప్రకటనలు వద్దంటే ‘మై యాడ్ సెంటర్’లో ఆపాలి. తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్ వంటివన్నీ కలిపి పరికరాన్ని గుర్తుపట్టే పద్ధతి మరొకటుంది. దానికి తుడవడానికేమీ ఉండదు, ఫైర్‌ఫాక్స్, సఫారీ, బ్రేవ్ బ్రౌజర్లు దాన్ని కొంతవరకు అడ్డుకుంటాయి.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింకు నొక్కితే పేజీ క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. మీరు క్రోమ్‌లో శ్రమపడి పెట్టుకున్న అడ్డుకట్టలు అక్కడ లేవు, దాని కుకీల నిల్వ వేరు. పేజీ పైమూల మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవమని ఎంచుకోండి. డబ్బు కట్టాల్సిన పేజీ గానీ, పాస్‌వర్డ్ అడిగే పేజీ గానీ అయితే ఇది తప్పనిసరిగా చేయండి.